ఈ సుక్క ఏటి బాబూ?

ఫోన్లు తయారుచేసే పెద్ద కంపెనీల వారికీ, వాటికి ప్రకటనలు రాసిపెట్టే బాబులకీ పర్లాకిమిడి నుంచి నమస్కారం.

నేను ఫోన్ మెకానిక్‌ని. 2009 నుంచి ఇదే పని. మా ఊరు ఎక్కడుందో తెలియకపోతే మ్యాపులో చూసుకోండి, మ్యాపు ఎలాగూ మీదే. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం మాది, కానీ ఊరు దాటి నాలుగడుగులు వేస్తే పాతపట్నం, అంటే ఆంధ్ర. నా షాపు బోర్డు మీద ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ మూడూ ఉంటాయి. ఒడియాలో మొదలైన బేరం తెలుగులో తెగుతుంది, కొండ మీది సవర ఊళ్ల నుంచి జీడిపిక్కలు అమ్ముకోవడానికి వచ్చినవాళ్లు రెండూ కలిపి మాట్లాడతారు, నాకూ నాలుగు సవర మాటలు వచ్చు. ఇన్నేళ్లలో మాకెప్పుడూ ఇబ్బంది రాలేదు. మీ ఫోన్లకి మాత్రం మేం ఎవరిమో ఇప్పటికీ తేలలేదు. సిమ్ము ఒడిశాది, అది పట్టుకునే టవరు ఒక్కోసారి ఆంధ్రది, ప్రకటన వచ్చేది హిందీలో, వారంటీ కాగితం ఇంగ్లిష్‌లో.

ఈ ఉత్తరం రాయడానికి కారణం పోయిన సోమవారం వచ్చిన ఒక పెద్దావిడ. మనవరాలిని వెంటబెట్టుకుని గుణుపూర్ రైలు దిగి నేరుగా షాపుకి వచ్చింది. కొంగున కట్టుకున్న ఫోన్ విప్పి టేబుల్ మీద పెట్టి, "బాబూ, ఇది పూరీలాగ పొంగిపోనాది, పేలిపోద్దేటి?" అంది. నిజంగానే పొంగింది. వెనక మూత పైకి లేచి పక్కన గోరు దూరేంత సందు ఏర్పడింది. సూరత్‌లో మిల్లు పనికెళ్లిన కొడుకు నాలుగేళ్ల కింద కొనిచ్చిన ఫోన్ అది. ఒక గీత లేదు, గాటు లేదు, టచ్ కొత్తదానిలాగే ఉంది, లోపల బ్యాటరీ ఒక్కటే ముసలిదైపోయింది. హీట్ గన్‌తో మూత వేడిచేసి, ప్లాస్టిక్ బద్ద దూర్చి మెల్లగా లేపి చూస్తే బ్యాటరీ పొట్ట ఉబ్బి స్క్రీనుని కిందనుంచి తోస్తోంది. ఇలాంటి దానికి ఇనప పనిముట్టు తగిలి చిల్లు పడిందంటే మంటే. జిగురు కింద స్పిరిట్ చుక్కలు వేస్తూ, ఊపిరి బిగబట్టుకుని దాన్ని ఊడదీసేసరికి అరగంట పట్టింది. తీసి ఇసక డబ్బాలో పెట్టాను. ఆవిడ అంతసేపూ తలుపు దగ్గర నిలబడి చూసింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

ఇక దానికి కొత్త బ్యాటరీ కావాలి. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను, రాస్తే మిగతావాళ్లంతా హమ్మయ్య మేం కాదులే అనుకుంటారు. బరంపురంలో వాళ్ల సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశాను. ఆ మోడల్ ఆగిపోయింది, పార్టు రావడం లేదు, కస్టమర్‌ని ఎక్స్‌ఛేంజ్‌లో కొత్తది తీసుకోమనండి అన్నాడు అక్కడి కుర్రాడు. అతన్ని అనేదేం లేదు, అతనికి చెప్పమన్నది చెప్పాడు. మేం మాట్లాడుకుంటున్నది విని ఆవిడ మనవరాలు తన ఫోన్ తెచ్చి చూపించింది, అదే కంపెనీ ప్రకటన, మీ పాత ఫోనుకు 12,000 రూపాయల వరకు అని. 12,000 పక్కన చీమ తలకాయంత నక్షత్రం. "ఇదుగో, పన్నెండేలిత్తారట కదా" అంది ఆవిడ, ఆశగా. మోడల్ నంబరు కొట్టి, అడిగినవాటికి నిజాలు చెప్పి, బ్యాటరీ ఉబ్బింది అన్నచోట టిక్కు పెట్టాక 350 అని వచ్చింది. ఆవిడ కాసేపు ఆ అంకె వైపు చూసి, మళ్లీ వెనక్కి వెళ్లి ఆ 12,000 పక్కన వేలు పెట్టి, "మరయితే ఈ సుక్క ఏటి బాబూ?" అని అడిగింది.

నేనేం చెప్పగలను. ఆ చుక్క పెట్టింది మీరు. కాబట్టి మిమ్మల్నే అడుగుదామని.

మీ కొట్లాటల గురించి నాకు బాగానే తెలుసు, ఎందుకంటే సాయంత్రమైతే నా షాపు ముందు కూర్చునే కుర్రాళ్లు దాని మీదే కొట్టుకుంటారు. ఒకడిది యాపిల్ పార్టీ, ఇంకొకడిది శాంసంగ్ పార్టీ. ఇద్దరి జేబుల్లోనూ ఉన్నవి పదకొండు వేల చైనా ఫోన్లు, అది వేరే సంగతి. 2011లో యాపిల్ వాళ్లు, తమ ఫోన్ చూసి కాపీ కొట్టారని శాంసంగ్ మీద అమెరికాలో కేసు వేశారు, మరుసటేడు జ్యూరీ 100 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమంది, అప్పీళ్లు, మళ్లీ విచారణలు, దేశదేశాల్లో కేసులు, చివరికి 2018 జూన్‌లో రాజీ. అంతకుముందు ఏడాది వచ్చిన ఐఫోన్ టెన్‌కి స్క్రీన్ ఎవరు ఇచ్చారో మా కుర్రాళ్లకి చెబితే నమ్మలేదు. శాంసంగే. కోర్టు వరండాలో ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, వెనక గుమ్మంలోంచి సరుకు దింపుకోవడం అంటే ఇదే. మా బజారులో ఎదురెదురు బట్టల షాపుల వాళ్లు కూడా ఇంత బాగా నటించలేరు.

రాజీ పడ్డ ఆ ఏడాదే అక్టోబర్‌లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఒకేరోజు ఇద్దరికీ జరిమానా వేసింది, యాపిల్‌కి 1 కోటి యూరోలు, శాంసంగ్‌కి 50 లక్షలు. కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకోమని చెప్పి పాత ఫోన్లని నెమ్మది చేశారనీ, దాని గురించి కొన్నవాళ్లకి సరిగ్గా చెప్పలేదనీ. అంతకుముందు 2017 డిసెంబర్‌లోనే యాపిల్ ఒప్పుకుంది, బ్యాటరీ పాతబడ్డ ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా స్పీడు తగ్గిస్తున్నామని. ఆ కారణం అబద్ధం కాదు, మెకానిక్‌గా నేనూ ఒప్పుకుంటాను, నీరసించిన బ్యాటరీ ఒక్కసారిగా అంత కరెంటు ఇవ్వలేదు. కానీ బ్యాటరీ మారిస్తే మళ్లీ పరుగెడుతుందని ఆ మాట ముందే చెప్పి ఉంటే ఎంతమంది కొత్త ఫోన్ కొనేవాళ్లు? గొడవయ్యాక క్షమించమని, 79 డాలర్ల బ్యాటరీ మార్పుని 29కి తగ్గించారు. జనం ఎగబడి బ్యాటరీలు మార్చుకున్నారు, ఆ తర్వాత కొత్త ఫోన్ల అమ్మకాలు అనుకున్నంత లేవని 2019 జనవరిలో కంపెనీ పెద్దాయనే పెట్టుబడిదారులకి రాసిన ఉత్తరంలో, చెప్పిన కారణాల్లో ఈ చవక బ్యాటరీ మార్పు కూడా ఒకటి. అంటే బ్యాటరీ మారిస్తే ఫోన్ బతుకుతుందని మీకూ తెలుసు. మా పెద్దావిడ ఫోన్ కూడా బతుకుతుంది.

హెడ్‌ఫోన్ పిన్ను సంగతి అయితే నవ్వొస్తుంది. 2016లో యాపిల్ ఐఫోన్ 7 నుంచి ఆ చిల్లు తీసేసింది. శాంసంగ్ అంతకు నెల ముందే నోట్ 7 ఫోన్ విడుదల వేదిక మీద మా ఫోనుకి ఆడియో జాక్ ఉందోచ్ అని ఎగతాళి చేసింది. గూగుల్ కూడా ఆ అక్టోబర్‌లో మొదటి పిక్సెల్ ఫోన్ అమ్ముతూ జాక్ ఉందని గొప్పగా చెప్పుకుంది. ఏడాది తిరిగేసరికి పిక్సెల్ 2లో గూగుల్ తీసేసింది. 2019లో నోట్ 10కి శాంసంగ్ తీసేసి, పాత ఎగతాళి ప్రకటన వీడియోని కూడా మెల్లగా కిందకి దించేసింది. చార్జరు కథా అంతే. 2020 అక్టోబర్‌లో ఐఫోన్ 12 డబ్బాలో చార్జరు మానేశారు, పర్యావరణం కోసమట. శాంసంగ్ వెంటనే మా డబ్బాలో ఉంటుంది అని చార్జరు బొమ్మ పెట్టింది. మూడు నెలలకి, 2021 జనవరిలో, ఎస్21 డబ్బా తెరిస్తే అందులోనూ లేదు. ఆ బొమ్మా మాయమైంది. మా వైపు దీన్నే దొందూ దొందే అంటారు.

పర్యావరణం మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకో చెబుతాను. చార్జరు లేని ఫోన్ తీసుకున్నవాడు ఏం చేస్తాడనుకున్నారు? ఇంట్లో ఉన్న పాత చార్జరుకి పెట్టే వైరు దీనికి సరిపోదు, కంపెనీ చార్జరు ధర చూసి వెనక్కి తగ్గుతాడు, బస్టాండ్ దగ్గర 150 రూపాయల చార్జరు కొంటాడు. మూడు నెలలకి ఫోన్ నా దగ్గరికి వస్తుంది, లోపల చార్జింగ్ చూసుకునే చిప్పు కాలిపోయి. ఆ చార్జరు విప్పి చూస్తే లోపల ఉండాల్సిన సరుకులో సగం ఉండదు, బరువు రావాలని ఒకదాంట్లో ఇనప బిళ్ల అంటించారు, నా కళ్లతో చూశాను. నా టేబుల్ కింద అలా చచ్చిన చార్జర్లతో ఒక గోనెసంచి నిండింది. కావాలంటే పంపిస్తాను, మీ పర్యావరణం లెక్కలో రాసుకుందురుగాని.

పోటీ వల్ల మాకు మంచి జరగలేదా అంటే జరిగింది, అది చెప్పకపోతే నేను కూడా నక్షత్రం పెట్టినవాణ్ణే అవుతాను. 2016కి ముందు మా ఊళ్లో ఫోన్ మాట్లాడటం ఒక విద్య. ఇంట్లో ఒక మూల నిలబడితే ఒడిశా టవరు, పెరట్లోకి వస్తే ఆంధ్ర టవరు, పెరట్లో ఉండగా ఫోనొస్తే రోమింగ్ అని డబ్బులు కట్. మా అమ్మ ఫోన్ మోగితే ముందు గదిలోకి పరుగెత్తి అప్పుడు ఎత్తేది. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది, మాటలు ఫ్రీ, రోమింగ్ లేదు, మిగతావాళ్లూ దిగిరాక తప్పలేదు. ఆ రోజుల్లో సిమ్ముల కోసం నా షాపు ముందు నిలబడ్డ లైను మా ఊరి రథయాత్రకి కూడా చూడలేదు. కానీ ఆ తర్వాత? 2019 డిసెంబర్‌లో ముగ్గురూ ఒకే వారంలో రేట్లు పెంచారు. 2024 జూలైలో మళ్లీ, జియో ఎయిర్‌టెల్ 3న, వొడాఫోన్ ఐడియా 4న. ఇరుగుపొరుగు ఇళ్లలో ఒకే రోజు ఒకే కూర వండితే మా ఆడవాళ్లు ఊరుకుంటారేమో గాని అనుమానం మాత్రం పడతారు.

ఇంక మీ కెమెరాలు. మా ఊళ్లో కొమ్ము పని చేసేవాళ్లున్నారు, పశువుల కొమ్ముతో కొంగలు, నెమళ్లు, దువ్వెనలు, పెట్టెలు చేస్తారు, పర్లాకిమిడి కొమ్ము బొమ్మలంటే పేరుంది. అందులో ఒకాయన నా పాత కస్టమర్. పోయినేడాది కెమెరా ప్రకటన చూసి, నూటఎనిమిది మెగాపిక్సెల్ అని విని, ఆర్డర్లకి ఫొటోలు పంపుకోవచ్చని అప్పు చేసి ఫోన్ కొన్నాడు. కొమ్ముకి సహజంగా సన్నటి చారలుంటాయి, నల్లటి దాంట్లో గోధుమరంగు నీటి అలలాగా పాకుతూ ఉంటుంది, చేతిపని అని కొనేవాడు గుర్తుపట్టేది దాన్ని చూసే. ఈ ఫోన్ ఆ చారలన్నీ చెరిపేసి, పెళ్లికూతురికి పౌడరు కొట్టినట్టు నున్నగా చేసి పెట్టింది. ఫొటో చూసి కటక్ బేరగాడు ఇది ప్లాస్టిక్ బొమ్మ అన్నాడట. ఆయన బొమ్మ పట్టుకుని, ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చి రెండూ పక్కపక్కన పెట్టి, ఇందులో ఏది అబద్ధమో నువ్వే చెప్పు అన్నాడు. ఆ ఏఐ అందం ఎక్కడెక్కడ దాక్కుందో మెనూల్లో వెతికి మూడు చోట్ల ఆపేశాను, అయినా పూర్తిగా పోలేదు. చివరికి అదే ఫోన్లో ప్రో మోడ్‌లో, అంటే అన్నీ మన చేత్తో సర్దుకునే పద్ధతిలో పెట్టి, కిటికీ వెలుగులో తీస్తే చార కనబడింది.

నేను ఇదేదో మా ఊరి అమాయకత్వం అనుకున్నాను, కాదు. 2012లో నోకియా లూమియా 920 కెమెరా ఎంత కదలకుండా తీస్తుందో అని వీడియో ప్రకటన వదిలింది, సైకిల్ తొక్కుతున్న అమ్మాయి. వెనక కిటికీ అద్దంలో వ్యాను, అందులో పెద్ద కెమెరా పట్టుకున్న మనిషి కనబడ్డాడు! ఫోన్‌తో తీయలేదని ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. 2023లో శాంసంగ్ ఫోన్ చంద్రుడి ఫొటో ఎంత బాగా తీస్తుందో అని జనం మురిసిపోతుంటే, ఒకాయన కంప్యూటర్ తెర మీద కావాలని మసకబార్చిన చంద్రుణ్ణి పెట్టి ఫొటో తీశాడు, అసలు బొమ్మలో లేని గుంతలు ఫొటోలో వచ్చాయి. ఏఐ వివరాలు చేర్చి మెరుగుపరుస్తుంది అని కంపెనీ వివరణ ఇచ్చింది. చంద్రుడికి చేర్చితే పోనీ, ఆయన ఎవరికీ అమ్ముడు పోనక్కర్లేదు. కొమ్ము కొంగకి అలా కాదు.

యాపిల్ అయితే ఇంకో మెట్టు ఎక్కింది. 2024 జూన్‌లో, ఫోన్లో మాటకి మాట జవాబిచ్చే సిరి ఇక మీ సంగతులన్నీ గుర్తుపెట్టుకుని జవాబిస్తుంది అని చూపించి, సెప్టెంబర్లో ఐఫోన్ 16తో పాటు టీవీలో దాని ప్రకటన కూడా వేసి, 2025 మార్చిలో అది ఇంకా తయారు కాలేదు, ఆలస్యమవుతుంది అని చెప్పి ప్రకటన తీసేసింది. చెట్టు మీద పిందె చూపించి ఆవకాయ అమ్మడం అన్నమాట. మా ఊరి జనం అంత ఖరీదు ఫోన్లు కొనరు కాబట్టి మాకు పెద్ద నష్టమేం లేదు. మా స్థాయి దెబ్బ 2016లోనే తినబోయాం, 251 రూపాయలకి స్మార్ట్‌ఫోన్ అన్నప్పుడు. మా వీధిలో సగం మంది నా కంప్యూటర్ మీదే పేర్లు రాయించుకుందామని వచ్చారు, వెబ్‌సైటు తెరుచుకోక బతికిపోయారు.

తొందరపెట్టే విద్య గురించి నాకు మాట్లాడే హక్కు పెద్దగా లేదు. మూడు రోజులే ఆఫర్ అన్న అట్టముక్క నా షాపులో రథయాత్రప్పటి నుంచి వేలాడుతోంది, మా ఆవిడ చూసినప్పుడల్లా నవ్వుతుంది, ఈ ఉత్తరం పంపేముందు తీసేస్తాను. కానీ నా అట్టముక్క బజారులో నలుగురిని మోసం చేస్తే చేస్తుంది, చేసినా వాళ్లు మర్నాడు వచ్చి నా కాలర్ పట్టుకుంటారు. రెండే మిగిలాయి, 14 నిమిషాల్లో ముగుస్తుంది, ఇప్పటికే 37 మంది చూస్తున్నారు అని మీ యాప్ అంటే ఎవరి కాలర్ పట్టుకోవాలి? 2014లో షావోమీ కంపెనీ ఎంఐ 3 ఫోన్ ఫ్లిప్‌కార్ట్‌లో నిమిషాల్లో, ఆ తర్వాత సెకన్లలో అయిపోయేది, ఆ మంగళవారాలు నా షాపు కంప్యూటర్ ముందు ముగ్గురు ముగ్గురు కూర్చుని ఒకేసారి నొక్కేవాళ్లు, ఒక్కడికీ దొరకలేదు, అయినా దొరకనిదానికి విలువెక్కువ కదా, మళ్లీ వారం వచ్చేవాళ్లు. ఇలాంటి విద్యల్లో 13 రకాలకి డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టి, కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30న మార్గదర్శకాలిచ్చింది. అబద్ధపు తొందర అందులో మొదటిది. బుట్టలో అడక్కుండా వస్తువు పడేయడం రెండోది, నా కస్టమర్లకి ఫోన్‌తో పాటు ఇన్సూరెన్స్ ఎలా వచ్చిందో నాకప్పుడు అర్థమైంది.

ఇంకోటుంది, ఇది మీరు బాగా వినాలి. 2022 జూన్‌లో అదే సంస్థ ప్రకటనల మీద మార్గదర్శకాలిచ్చింది. ప్రకటనలో గొప్ప ఏ భాషలో చెబుతారో షరతు కూడా ఆ భాషలోనే ఉండాలి, అక్షరాలు కూడా అదే రకంగా ఉండాలి అని అందులో ఉంది. మీరేం చేస్తున్నారు? మా ఊరికి పాతపట్నం వైపు నుంచి వచ్చే తెలుగు ప్రకటనలో హీరో తెలుగులో అరుస్తాడు, షరతులు ఇంగ్లిష్‌లో, అదీ రెండు సెకన్లు. ఒడియా ప్రకటనకీ అదే గతి. ఎక్కడైనా తెలుగులో పెడితే ఆ తెలుగు ఎవరిదో తెలియదు. ఒక ఫోన్లో వారంటీ పేజీ తెలుగులో తెరిచాను, పరిమిత వారంటీ ఆకస్మిక భౌతిక నష్టమునకు అనువర్తించబడదు అని ఉంది. కింద పడి పగిలితే మాది బాధ్యత కాదు అంటే మీ నోరు పోతుందా?

ఈ మాట మా ఊరి నుంచి అనడానికి నాకు కొంచెం పొగరు కూడా ఉంది. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రాయండి, పిల్లలకి అదే నేర్పండి అని పండితులతో పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు ఇక్కడే మాస్టారుగా పనిచేశారు. సవర పిల్లలకి సవరలోనే పాఠం చెప్పాలని ఆ భాష నేర్చుకుని పుస్తకాలు తయారుచేశారు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు బాధతో ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం. ఆయన తిరిగిన ఊళ్లో ఒక ముసలమ్మ మీ ఫోన్‌తో "మా ఓడు ఎప్పుడొత్తాడో అడుగు" అంటే అది వాతావరణం చెబుతోంది. నవ్వులాటకి అన్నాను గాని, వాయిస్ టైపింగ్‌కి ఈ మధ్య హైదరాబాద్ తెలుగు బాగానే అర్థమవుతోంది, శ్రీకాకుళం యాస దగ్గరే బిక్కచచ్చిపోతోంది. మా దగ్గర మీరు చేసే వ్యాపారానికి మా యాస నేర్చుకోవడం పెద్ద ఖర్చు కాదనుకుంటాను.

సరే, మళ్లీ బ్యాటరీ దగ్గరికి వస్తాను, నా అసలు బాధ అదే. ఆ ఫోనుకి నేను కాపీ బ్యాటరీ వేయగలను. 400 రూపాయలకి దొరుకుతుంది. దాని మీద 5000 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, అరచేతిలో పెట్టుకుంటే బరువు తేలిపోతుంది, ఇన్నేళ్లు చేతుల్లో పెట్టుకున్నవాడికి ఆ తేడా తెలుస్తుంది. అలాంటిది ఆరు నెలలకే ఉబ్బడం చూశాను. దిండు కింద ఫోన్ పెట్టుకుని పడుకునే మనిషికి దాన్ని ఎలా వేసేది? అసలు బ్యాటరీ నాకెవరూ అమ్మరు. అమ్మినా కొన్ని ఫోన్లు ఒప్పుకోవు. అదే మోడల్ ఇంకో ఫోన్లోంచి తీసిన అసలు స్క్రీనే వేసినా, ఇది మాకు తెలియని పార్టు అని తెర మీద హెచ్చరిక వస్తుంది, ఒక్కోదాంట్లో కొన్ని పనులు ఆగిపోతాయి. కస్టమర్ ఆ హెచ్చరిక చూసి నన్ను దొంగలాగ చూస్తాడు. పార్టు మీదే, ఫోన్ మీదే, పరాయివాణ్ణి నేనొక్కణ్ణే. అమెరికాలో ఆరెగన్ రాష్ట్రం 2024లో ఇలా పార్టుల్ని ఫోనుకి ముడేయడం కుదరదని చట్టం చేసింది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే ఫోన్లకి, మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా 7 ఏళ్ల పాటు ముఖ్యమైన పార్టులు దొరకాలి, అడిగితే 5 నుంచి 10 పనిదినాల్లో ఇవ్వాలి, 5 ఏళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి, బ్యాటరీ 800 సార్లు చార్జింగ్ అయ్యాక కూడా 80 శాతం నిలబడాలి. ఫోన్ బాగుచేయడం ఎంత సులువో డబ్బా మీదే ఏ నుంచి ఇ వరకు అక్షరం వేసి చూపించాలి. కరెంటు స్టార్లు వేసిన ఫ్రిజ్ లాగన్నమాట.

చేయలేం అనే మాట ఇక మీ నోటి నుంచి రాకూడదు. అదే కంపెనీ, అదే బ్యాటరీ, అక్కడివాడికి 7 ఏళ్లు, మా ముసలమ్మకి మోడల్ ఆగిపోయింది. మన దేశంలో 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్, అంటే బాగుచేయించుకునే హక్కు, అని ప్రభుత్వం పోర్టల్ పెట్టింది, కొన్ని కంపెనీల మాన్యువళ్లు, సర్వీస్ సెంటర్ల వివరాలు అందులో ఉన్నాయి, మంచిదే. కానీ నాకు కావాల్సింది మాన్యువల్ కాదు బాబూ, ఫోన్ విప్పడం నాకు మీకంటే ముందే వచ్చు. పార్టు కావాలి. బిల్లుతో, ధరతో, అసలుది. బరంపురం సెంటర్‌కి ఎంతకిస్తారో నాకూ అంతకివ్వండి, నేనేం రాయితీ అడగడం లేదు. డబ్బా మీద ధర ఎంత పెద్ద అక్షరాలతో వేస్తారో, ఈ ఫోనుకి ఎన్నేళ్లు అప్‌డేట్లు, ఎన్నేళ్లు బ్యాటరీ దొరుకుతుంది అన్నది అంతే పెద్దగా, అమ్మే ఊరి భాషల్లో వేయండి. మా ఊరికి అవి మూడు. ఎక్కువనిపిస్తే మా షాపు బోర్డు రాసిన పెయింటర్ని అడగండి, మూడూ కలిపి ఒకటే కూలి తీసుకున్నాడు.

మీలో ఎవరో ఒకరు ముందు ఈ పని చేసి, రెండోవాణ్ణి ప్రకటనలో ఎగతాళి చేయండి. వాడూ ఏడాదికి మీ దారికొస్తాడు, మీ సంగతి నాకు తెలుసు కదా. ఆ ప్రకటన నా షాపు షట్టర్ మీద ఫ్రీగా అంటించుకుంటాను, ఎన్నాళ్లయినా ఉంచుకోండి.

ఆ పెద్దావిడ ఫోన్ ఇంకా నా దగ్గరే ఉంది, మూత విప్పి, పార్టులు డబ్బాలో వేసి, పైన పేరు రాసి పెట్టాను. వచ్చే సోమవారం సంతకొస్తాను, అప్పటికి అయిపోవాల బాబూ, మావోడు ఆదివారాలు ఫోన్ సేత్తాడు అని చెప్పి వెళ్లింది. ప్రస్తుతానికి నా డబ్బా ఫోన్ ఒకటి, బటన్లది, సిమ్ము మార్చి ఇచ్చాను. బ్యాటరీ మీద మోడల్ నంబరు, తయారీ నెల స్పష్టంగా కనబడుతున్నాయి, ఫొటో తీసి ఉంచాను, ఏ అందమూ చేర్చకుండా. ఎవరికి పంపాలో చెప్పండి.